కొండ మీద రెండు ఎర్రగుడ్డలు

నా జెండా తప్పు చోట నిలబడలేదు. ముందు ఆ ఒక్క మాట రాయమ్మా, మిగతాది తర్వాత చెబుతాను.

రాస్తున్నది మా వీధి టీచరమ్మ. చెబుతున్నది నేను, నంద్యాలలో మా ఇంటి గడప మీద కూర్చుని. నాకు అంకెలు వచ్చు, అక్షరాలు రావు. నా మాటలను పుస్తకాల మాటలుగా సర్దుకుంటానంటే సర్దుకోమన్నాను. మనుషులు మాట్లాడుకున్న చోట మాత్రం చెయ్యి పెట్టొద్దన్నాను. మా మేస్త్రీ నోటిమాటను ఉతికి ఆరేస్తే అది ఇంకెవరి మాటో అయిపోతుంది.

కొత్తగా పనిలో చేరే పిల్లల కోసం ఇది చెబుతున్నాను. మీరెక్కడ నిలబడ్డారో మీ ఫోనులో చుక్క చూపిస్తుంది. మా రోజుల్లో ఆ చుక్క మేమే. ఎవరో ఒకరు కొండెక్కి జెండా నిలబెడితేనే కింద లోయలో ఉన్న సారుకు తానెక్కడున్నాడో తెలిసేది.

డెబ్బైల చివరి మాట. నల్లమల కొండలకు కొత్తగా పటం గీయాలని సర్వే పార్టీ ఒకటి వచ్చి నంద్యాలలో అద్దె బంగళాలో దిగింది. ఆఫీసు అక్కడ, గుడారాలు ఆళ్లగడ్డ అవతల కొండల కింద. వానలు తగ్గాక ఎక్కడం, ఎండలు ముదిరేలోగా దిగడం. పేరుకు అడవే గానీ మా వైపు కొండలు ఎండు కొండలు. చలి తగ్గగానే గడ్డి మాడిపోయేది, బండలు పెనంలా కాలేవి. అయినా అదంతా రిజర్వు అడవి. కొమ్మ విరిస్తే కేసు. ఎండుకట్టె ఏరినా గార్డు పేరు రాసుకునేవాడు.

మా ఆయన ఆ పార్టీలో కలాసీ. బల్ల మోయడం, గొలుసు లాగడం, జెండా పట్టడం కలాసీల పని. అంతకు ముందు ఏడాది సున్నిపెంట పక్క క్యాంపులో జ్వరం తగిలి మూడో రోజుకు పోయాడు. నేను ఆ క్యాంపులోనే కలాసీలకు రొట్టెలు కాలుస్తుండేదాన్ని. ఏడ్చాను. మర్నాడు మళ్లీ రొట్టెలు కాల్చాను. ఇరవై మంది తినాలి మరి.

ఆ ఏడాది ఆళ్లగడ్డ క్యాంపులో జెండా పట్టేవాడొకడు చెప్పకుండా ఇంటికి పోయాడు. కలాసీల మీద పెద్ద మా మేస్త్రీ. నంద్యాల మనిషి, ముక్కు మీద కోపం, నోట్లో ఎప్పుడూ వక్క. మనిషి దొరక్క రెండు రోజులు తిరిగాడు. మూడో రోజు నేనే అడిగాను, ఆ పని నాకిమ్మని.

“ఒంటిగా ఉండాల మ్మే, పొద్దుగూకేదాకా,” అన్నాడు.

“ఇంట్లో గూడా ఒంటిగానే ఉండాను గదన్నా.”

“ఎలుగొడ్డు వస్తే?”

“దానిక్కూడా జెండా చూపిస్తా.”

“తెల్లచీర కట్టుకోని కొండెక్కితే సార్లు జెండాను వదిలిపెట్టి నిన్నే గురిచూస్తారు మ్మే.”

“చూడనీ. నేను జెండా కంటే కదలకుండా నిలబడతా.”

వక్క ఊసి నవ్వాడు. మర్నాటి నుంచి జెండా నాది. రొట్టెల పనికి వచ్చేదానికి రెండింతలు వచ్చే పని. అంతకంటే ముఖ్యం, అది మా ఆయన చేసిన పని. నేను పోగొట్టుకోదలచుకోలేదు.

ఆ పని ఎట్లా ఉండేదో చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. మూడు కొండల మీద మూడు జెండాలు. సర్వేయరు సారు కింద ఎక్కడో మూడు కాళ్ల బల్ల వేసుకుంటాడు. బల్ల మీద కాగితం. ఒక్కో జెండాను గురిచూసి ఒక్కో గీత గీస్తాడు. మూడు గీతలూ కలిసిన చోటే ఆయన ఉన్న చోటు. అక్కడి నుంచి వాగులు, గుట్టలు, బాటలు గీసుకుంటూ పోతాడు. జెండా ఎక్కడో నాటితే కుదరదు. కొండ నెత్తిన బండ మీద ఎప్పటివాళ్లో ఉలితో చెక్కిన గుండ్రటి గుర్తు ఉంటుంది, నడుమ చుక్క. దాని మీద రాళ్లు పేర్చి ఉంటాయి. రాళ్లు తీసి, గుర్తు చూసుకుని, చుక్క మీద వెదురు నిలబెట్టి, మళ్లీ చుట్టూ రాళ్లు పేర్చాలి. వెదురు కొసన పైన ఎర్రగుడ్డ, కింద తెల్లగుడ్డ. ‘గుర్తు కంటితో చూడందే వెదురు ముట్టుకోవద్దు’ అని మా ఆయన చెప్పేవాడు. నేను చూడటమే కాదు, ప్రతిసారీ వేలుపెట్టి తడిమేదాన్ని.

నాకు పడిన కొండకు రెండు మూపురాలు. తూర్పు మూపురం మీద మా గుర్తు. దాని పక్కనే నల్లమద్ది చెట్టు. పడమటి మూపురం బోడిగుండు, గట్టిగా పిలిస్తే వినబడేంత దూరం. దాని మీద కూడా రాళ్ల కుప్ప ఉంది. అది గొర్రెల కాపర్లది. మంద తోలుకుని ఆ కనుమ దాటే ప్రతి మనిషీ ఒక రాయి వేసి పోతాడు, కొండమ్మకని. గొర్రెలు బాగా ఈనిన ఏడాది, ఆ కుప్పలో ఒక కర్ర గుచ్చి ఎర్రగుడ్డ కడతారు. మా ఇంట్లోవాళ్లు చర్చికి పోయేవాళ్లు. నేను ఆ కుప్ప మీద రాయి వేసేదాన్ని కాదు, వేసేవాళ్లను ఎగతాళి చేసేదాన్ని కాదు.

తక్కిన కొండల మీద చెట్టు అడ్డమొస్తే కలాసీలు గార్డును బతిమాలి కొమ్మలు నరికేసేవాళ్లు. ఇక్కడ గార్డు ఒప్పుకోలేదు. నల్లమద్ది బాగా కమ్ముకుంది. మూడు పక్కల నుంచి నా జెండా కనబడుతుంది గానీ పడమటి లోయలో బల్ల వేస్తే కనబడదు. ఆ సంగతి నేను సారుకు చెప్పాను. మేస్త్రీ పక్కనే ఉన్నాడు.

“సార్, రేపు మీరు పడమటి వాగులో బల్ల వేస్తారంట. ఆడికి జెండా కనపడదు సార్. చెట్టు అడ్డం ఉండాది.”

“దుర్భిణీ ఉంది కదమ్మా. నాకు కనబడుతుందిలే. నువ్వు వెళ్లి నిలబడు చాలు.”

ఆ సారు చెడ్డవాడు కాదు. కోస్తా పిల్లవాడు. జీపెక్కితే వాంతులు, ఎండకు ముక్కులో నెత్తురు. ఇంటి నుంచి జాడీలో తెచ్చుకున్న ఆవకాయ మా అందరికీ పెట్టేవాడు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. అందుకే ఎప్పుడూ తొందర, ఎవరో వెనక తరుముతున్నట్టు.

మర్నాడు పొద్దున్నే నేను కొండెక్కుతుంటే కనుమలో గొర్రెల కాపరి భార్య ఎదురైంది. పచ్చి బాలింతరాలు. చంకలో బిడ్డ, వెనక మంద.

“అక్కా, నీ కాడ ఎర్రగుడ్డ ఏమన్నా ఉండాదా? గొర్రెలన్నీ ఈనినాయి, ఒక్క పిల్లా చావలే. అమ్మకు గుడ్డ కట్టకుండా ఎట్లా దాటేది?”

నా సంచిలో పాత జెండా గుడ్డ ఉంది. గాలికి చినిగితే మార్చి కొత్తది కట్టాను. పాతది క్యాంపులో అప్పజెప్పాలని రూలు. చినిగిన గుడ్డే కదా అనుకున్నాను. ఎరుపు సగం చించి ఇచ్చాను.

“మీ దేవుడు ఏమీ అనుకోడా అక్కా?”

“మా దేవుడు గుడ్డలు లెక్కపెట్టడు పోమ్మే.”

అది నా తప్పు. ముడి నేను వేయలేదు, గుడ్డ మాత్రం నేనిచ్చిందే. ఆమె బోడిగుండు ఎక్కి కర్రకు కట్టింది. నేను నల్లమద్ది కిందికి పోయి రాళ్లు తీసి, గుర్తు తడిమి, వెదురు నిలబెట్టాను.

సారు జెండా చూడటం అయిపోతే కింద నుంచి అద్దంతో మూడుసార్లు ఎండ కొడతాడు. అప్పుడు మేం దిగిరావచ్చు. చెట్టు దాటి అంచుకు వచ్చి కూర్చుని కాచుకున్నాను. పొద్దు నడినెత్తికి వచ్చాక మూడుసార్లు తళుక్కుమంది. కానీ వెలుగు నా మీద పడలేదు. కొంచెం పక్కగా, బోడిగుండు వైపు ఆడింది. సారు చెయ్యి వణికిందేమో అనుకున్నాను. ఆ పూటే సారు దగ్గరికి పోయి, వెలుగు ఎందుకు పక్కకు పడిందని అడిగి ఉంటే ఈ కథ లేదు. ఆకలేసింది, నేరుగా క్యాంపుకు దిగివచ్చాను.

రెండు నెలలు గడిచాయి. నంద్యాల బంగళాలో పెద్దసారు రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూశాడు. ఒకటి మా సారు గీసింది, రెండోది పక్క క్యాంపు సారు గీసింది. ఒకే వాగు రెండు కాగితాల మీదా ఉంది, అంచు దగ్గర కలవాలి. కలవలేదు. వేలెడు పక్కకు పోయింది. క్యాంపులో కలాసీలకు ఆ కబురు నవ్వులాట అయింది.

“వాగుకు కాళ్లొచ్చినాయంట్రా.”

“కాళ్లు కాదు, గార్డుకు భయపడి పక్కకు జరిగింది.”

నేనూ నవ్వాను. అది నా మీదికి వస్తుందని నాకేం తెలుసు?

ఒక మధ్యాహ్నం జొన్నపిండి పిసుకుతున్నాను. మేస్త్రీ వచ్చాడు. ఒక చేతిలో కాగితం, ఒక చేతిలో సిరా డబ్బా. వెనక సారు, తల పక్కకు తిప్పుకుని.

“వేలు వెయ్ మ్మే,” అన్నాడు మేస్త్రీ.

“ఏందన్నా ఇది?”

“ఏందో ఒకటి. వేస్తే ఈ యాడాదికి ఇంటికి పంపిస్తారు. వెయ్యకుంటే ఎప్పటికీ పిలవరు. బేగా కానీ, జీపు కాచుకోనుండాది.”

“చదువు.”

“నాకేమొచ్చు చదువు? నేను గూడా వేలుముద్రోణ్ణే.”

“చదువొచ్చినోణ్ణి చదవమను.”

సారు కాగితం తీసుకున్నాడు. మెల్లగా చదివాడు. నేను ఆడమనిషిని కావడం వల్ల జంతువులకు భయపడి గుర్తున్న చోటి దాకా పోలేదట. దారిలో కనబడిన గొర్రెలవాళ్ల రాళ్ల కుప్ప మీదే జెండా పాతానట. తప్పు నాదేనట. ఇవన్నీ నా నోటితో నేను చెప్పినట్టు రాసి ఉంది.

పిండి చేతికి ఎండిపోతోంది. జెండా పోతే పోయె, ఆ కాగితం నంద్యాల బంగళాలో ఉన్నంత కాలం ఇంకో ఆడమనిషిని ఎవరూ కొండెక్కించరు. అది నాకు అప్పుడే అర్థమైంది.

“సార్, నేను భయపడినట్టు మీకెవరు చెప్పినారు?”

“ఎవరూ చెప్పలేదమ్మా. కానీ నేను చూసిన జెండా బోడిగుండు మీద ఉంది. లెక్క వేస్తే అదే వస్తోంది. నా కళ్లతో చూశాను.”

“నేను నా చేత్తో పెట్టినా సార్. కండ్లకంటే చెయ్యి దగ్గర.”

“మ్మే,” అన్నాడు మేస్త్రీ, “సారుకు పని ఖాయం కాలే. నీకేముంది, యాడన్నా కూలికి పోతావు.”

“అన్నా, ఆయన ఖాయం కావాలంటే నేను అబద్ధం కావాల్నా?”

“పెద్దోళ్లతో యాలమ్మే నీకు.”

“పెద్దోళ్లు కాబట్టే. చిన్నోళ్లయితే ఒక తిట్టుతో పోనిద్దును.” చేతులు పైకెత్తి చూపించాను. “ఈ పిండి చేత్తో వేస్తే మీ కాగితం రొట్టె అయితాది. పెద్దసారును రమ్మను. వాగులో ఆయన్నే బల్ల వేయమను. నేను కొండ మీద ఉంటా. అప్పుడు గూడా తప్పు నాదే అయితే రెండు చేతుల పదివేళ్లూ వేస్తా.”

“ఆయనకు యాభై దాటాయమ్మా. అంత దూరం నడవలేడు,” అన్నాడు సారు.

“నడవలేకుంటే నేను మోస్తా.”

సారుకు కోపం రావాలి. రాలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. నా మాట నిజమైతే ఎట్లా అని అప్పుడే ఆయనకు అనుమానం పుట్టి ఉంటుందని నాకు తర్వాత అనిపించింది.

పెద్దసారు నాలుగో రోజు వచ్చాడు. బట్టతల, లావుపాటి అద్దాలు, చేతిలో గొడుగు. నన్ను పైకీ కిందికీ చూసి, “నువ్వేనా నన్ను మోస్తానన్నది?” అన్నాడు.

“నేనే సార్.”

“అవసరం లేదు. వాగు దాకా నడుస్తాను.”

పెద్దసారు, మా సారు, మేస్త్రీ పడమటి వాగుకు పోయారు. నేను ఒక్కదాన్నే కొండెక్కాను. జెండా కనబడితే మూడుసార్లు అద్దం కొడతామన్నారు. అప్పుడు గొర్రెలవాళ్ల గుడ్డ సంగతి నా మనసులో లేదు. రెండు నెలల ఎండకు అది ఎప్పుడో పోయి ఉంటుందని వదిలేశాను. కనుమ ఎక్కి చూస్తే అక్కడే ఉంది. కొంచెం వెలిసింది, గాలికి ఆడుతోంది.

రాళ్లు తీశాను. గుర్తు తడిమాను. వెదురు నిలబెట్టాను. అంచుకు వచ్చి కూర్చున్నాను. బండ కాలుతోంది. గాలి తప్ప చప్పుడు లేదు. కింద ముగ్గురు మనుషులు చీమలంత. పొద్దు ఎక్కింది. అద్దం తళుక్కుమంది, ఒక్కసారే. వెలుగు నా మీదికి రాలేదు. పోయి బోడిగుండు మీద పడింది.

ఆ వెలుగు పోయిన దారినే నేనూ చూశాను. వెలుగు ఎర్రగుడ్డ మీద ఆడుతోంది. రెండు నెలల నాడు కూడా అక్కడే ఆడింది. సారు అబద్ధం చెప్పలేదు. ఆయన ఎర్రగుడ్డను చూశాడు. నేనిచ్చిన గుడ్డను చూశాడు.

నోరు మూసుకుని కూర్చుంటే కింద వాళ్లు ఆ గుడ్డనే నా జెండా అనుకుంటారు, నా పని అయిపోతుంది. ఆ గుడ్డ పీకి సంచిలో దాచేస్తే వాళ్లకు ఏ జెండా కనబడదు. అప్పుడు సారు పని అయిపోతుంది, నా తప్పు ఎవరికీ తెలియదు. పీకేదాన్నే. కానీ అది ఆ బాలింతరాలు తన అమ్మకు కట్టింది. దాని మీద నాకు హక్కు లేదు.

వాళ్లు చూస్తున్నది నా జెండా కాదని కిందికి తెలియజెయ్యాలి. లేచి బోడిగుండుకు పరిగెత్తాను. రాళ్ల కుప్ప ముందు నిలబడి, తెల్లచీర కొంగు రెండు చేతులా సాచి ఎర్రగుడ్డను కప్పేశాను. పదంకెలు లెక్కపెట్టి పక్కకు జరిగాను. మళ్లీ పదంకెలు. మళ్లీ కప్పాను. అట్లా మూడుసార్లు. గాలికి కొంగు చేతుల్లోంచి లాక్కుపోతోంది, పళ్లతో పట్టుకున్నాను.

కింద ఏం జరిగిందో మేస్త్రీ తర్వాత చెప్పాడు. పెద్దసారు దుర్భిణీలో చూస్తూ, “జెండా ఉంది, అదిగో,” అన్నాడట. అంతలో జెండా మాయమై తెల్లటి మనిషి కనబడింది. మళ్లీ జెండా వచ్చింది. మళ్లీ మాయమైంది. పెద్దసారుకు మొదట అర్థం కాలేదు. దుర్భిణీ మా సారుకిచ్చాడు. మా సారు చూసి, చూసి, కింద పెట్టాడట.

“ఆ రోజు నేను చూసింది ఇదే సార్. దీనికి కింద తెల్లగుడ్డ లేదు. వెదురూ లేదు. నేను గమనించలేదు.”

“మూడో జెండాతో సరిచూసుకోలేదా?”

“ఆ రోజు మూడోది మసకలో కనబడలేదు. రెంటితోనే సరిపెట్టాను.”

రెండు గీతలు ఎక్కడో ఒక చోట కలిసే తీరతాయి. అబద్ధం బయటపెట్టేది మూడో గీతే. ఆ మాట పెద్దసారు అన్నాడట. అప్పుడు మా మేస్త్రీ వక్క ఊసి నోరు తెరిచాడు.

“సార్, ఆ యమ్మ ముందురోజే చెప్పింది, ఆడికి చెట్టు అడ్డం ఉండాదని. నేను ఆడ్నే ఉన్నా. ఈ మాట నేను ముందే చెప్పాల్సింది.”

అద్దం మూడుసార్లు తళుక్కుమంది. ఈసారి వెలుగు నేరుగా నా కళ్లలో కొట్టింది.

క్యాంపుకు దిగేసరికి పెద్దసారు మడత కుర్చీలో కూర్చుని చెప్పులు విప్పుకుని ఉన్నాడు. పాత కాగితం చేతిలో ఉంది. నన్ను చూడగానే చింపబోయాడు.

“చింపొద్దు సార్.”

“అదేమిటి? నీ మీద రాసిందే కదా ఇది.”

“చింపితే ఇంకోటి రాస్తారు. ఇది తప్పని దీని మీదే గీత కొట్టండి. కింద నేను చెప్పింది రాసి, దీన్ని ఆఫీసులోనే పెట్టండి.”

ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నాడు. “చెప్పు, రాస్తాను.”

“జెండా గుర్తు మీదనే పెట్టినా. ఇది ఒకటి.”

రాశాడు.

“గొర్రెలోళ్లకు పాత జెండా గుడ్డ ఇచ్చింది నేనే. ఇది రెండు.”

కలం ఆగింది. మేస్త్రీ నా కాలు తొక్కాడు. మా సారు మొదటిసారి తలెత్తి నన్ను చూశాడు.

“ఈ రెండో మాట నేను అడగలేదు,” అన్నాడు పెద్దసారు. “సర్కారు గుడ్డ బయటివాళ్లకు ఇచ్చినట్టు కాగితం మీద ఉంటే నేను నిన్ను ఈ ఏడాదికి పనిలో ఉంచలేను. అది రూలు. ఒక్క మొదటి మాటే చాలు నీకు.”

“నాకు చాలు సార్. ఈ సారుకు చాలదు. ఆ గుడ్డ లేకుంటే ఆయనకు ఏ జెండా కనపడక తిరిగొచ్చి నన్ను అడుగుతా ఉండె. ఆయన తప్పు నా మీద వేస్తే వేయించుకోలే. నా తప్పు ఆయన మీద ఎట్లా వేస్తా?”

“బుద్ధి ఉందా మ్మే నీకు,” అని గొణిగాడు మేస్త్రీ.

“ఉండబట్టే. రాయండి సార్.”

రాశాడు. రెండు మాటలూ నాకు చదివి వినిపించాడు. రెండోసారి కూడా చదివించుకున్నాను. అప్పుడు సిరాలో వేలు పెట్టాను. ఆ సాయంత్రం బస్సుకే నన్ను ఇంటికి పంపారు.

ఆ ఏడాది మిగిలిన నెలలు దొర్నిపాడు వైపు పొలాల్లో కూలికి పోయాను. ఎండలో నిలబడటం నాకు కొత్త కాదు గానీ, వంగి పనిచేస్తుంటే కొండ కనబడదు. అది కష్టమనిపించింది. మా సారు ఆ పటమంతా మళ్లీ మొదటి నుంచి గీశాడట, ముక్కులో నెత్తురు కారుతున్నా ఆపకుండా. ఉద్యోగం ఏడాది ఆలస్యంగా ఖాయమైంది. ఎవరి చేతనో ఒక ఆవకాయ జాడీ పంపాడు. తిన్నాను. క్షమించానని కాదు, ఆవకాయ బాగుంటుంది.

వానలు తగ్గగానే మేస్త్రీ అప్పట్లో నేనుంటున్న ఊరు వెతుక్కుంటూ వచ్చాడు. నీళ్లిచ్చినా తాగకుండా గడపలో నిలబడ్డాడు.

“రా మ్మే, పెద్దసారు పిలుస్తాండాడు.”

“మగోళ్లు దొరకలేదా?”

“నువ్వు పోయినాక ఇద్దర్ని పెట్టినాం. ఒకడు ఎలుగొడ్డును చూసి దిగొచ్చినాడు, ఎలుగొడ్డు గాదు, నల్లబండ. ఇంకోడు జెండా కింద పండుకొని రెండ్రోజులు లేయలే.”

“అంటే నాకంటే భయపడేటోళ్లే గదా దొరికినారు.”

“నవ్వుకో. నాకు బుద్ధి వచ్చింది, చాలా?”

చాలు అనలేదు నేను. మూట కట్టుకుని బయల్దేరాను.

నంద్యాల బంగళా వసారాలో కలాసీలను చేర్చుకుంటున్నారు. గుమాస్తా బల్ల మీద కాగితాల కట్ట, పక్కన సిరా డబ్బా. వరసలో ఇరవై మందిమి. ఒక్కొక్కరు వంగడం, వేలు ముంచడం, నొక్కడం, వేలు గోడకు తుడుచుకోవడం. మేస్త్రీ అందరికంటే ముందే వేసి పక్కన నిలబడ్డాడు. నా వంతు వచ్చింది. గుమాస్తా తలెత్తకుండా నా చెయ్యి పట్టుకోబోయాడు. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

“ఏమి రాసినారో చదవండి సార్.”

“చేర్చుకున్న కాగితం. ప్రతి ఏడూ ఉండేదే.”

“అదే, ప్రతి ఏడూ ఏముందో చదవండి.”

“ఒక్కొక్కళ్లకూ చదువుతూ కూర్చుంటే పొద్దుగూకుతుంది.”

“గూకనీ సార్. కొండలు యాడికీ పోవు.”

వెనక వరసలో ఎవరో నవ్వారు. గుమాస్తా పెద్దసారు గది వైపు చూశాడు. లోపల నుంచి గొంతు వచ్చింది: “చదువయ్యా.”

చదివాడు. మొదటి మాట, పేరూ ఊరూ. రెండో మాట, రోజుకూలి. మూడో మాట దగ్గర ఆయన గొంతు తగ్గింది. గట్టిగా చదవమన్నాను. కొండ మీద మాకేమి జరిగినా అది మా సొంత అజాగ్రత్తేనని, పార్టీకి సంబంధం లేదని, మేమే ముందుగా ఒప్పుకుంటున్నామట.

వసారాలో ముందు వేలు వేసినవాళ్లు ఒక్కొక్కరే మెల్లగా బల్ల దగ్గరికి వచ్చారు. గోడకు తుడిచినా వాళ్ల వేళ్లు ఇంకా నల్లగానే ఉన్నాయి. అందరికంటే ముందు మేస్త్రీ వచ్చాడు. ఇరవై ఏళ్లుగా ఆ కాగితానికి వేలుముద్ర వేస్తున్న మనిషి.

“ఆ మూడోది ఇంకోసారి చదువు సార్,” అన్నాడు. “నాది గూడా ఇదేనా?”

ఆయన కాగితం, నా కాగితం, ఇరవై మంది కాగితాలూ ఒకటే. పెద్దసారు కలం పట్టుకుని బయటికి వచ్చి, ఇరవై కాగితాల మీద ఆ మూడో మాటకు గీత కొట్టేదాకా ఆ రోజు మేమెవరమూ మూడు కాళ్ల బల్ల ఎత్తలేదు.